రెండు పూటలా స్నానం చేసే ఒంటికి ఏ సబ్బు?

సబ్బును వాసన చూసి కొంటాం, నురగ చూసి మెచ్చుకుంటాం. ఒంటి శుభ్రానికి ఈ రెండింటితోనూ పెద్దగా పని లేదు. మన దగ్గర వేసవిలో రెండు పూటలా స్నానం మామూలే కాబట్టి అసలు చిక్కు వేరే ఉంది: రోజుకొకసారి రుద్దితే ఏమీ చేయని సబ్బు, రెండుసార్లు ఒళ్ళంతా రుద్దితే చర్మాన్ని గరుకు పట్టిస్తుంది. అందుకే దుకాణంలో దొరికే సబ్బు బిళ్ళ, సిండెట్ బార్ (సబ్బులా కనిపించే డిటర్జెంట్ బిళ్ళ), యాంటీబాక్టీరియల్ సరుకు, సున్నిపిండి, ఒళ్ళు రుద్దే పీచు, వీటన్నిటినీ ఇక్కడ ఒకే ప్రశ్నతో చూస్తున్నాం. రోజూ వాడితే ఒంటికి ఏమవుతుంది? ఒంట్లో ఏ భాగానికి అది నిజంగా కావాలి?

ముందు అవసరం ఎంతో తేలాలి. ఒళ్ళంతా పట్టే చెమట ఎక్రైన్ గ్రంథులది. అది దాదాపు ఉప్పునీరే, దానికి కంపు ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే అపోక్రైన్ గ్రంథుల స్రావం కాస్త చిక్కగా ఉంటుంది. అక్కడ కాపురముండే బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు పుట్టేదే మనం చెమట కంపు అనుకునేది. అంటే చేతులకి, పొట్టకి, వీపుకి, తొడలకి మామూలు రోజుల్లో నీళ్ళు చాలు. సబ్బు కావలసింది చంకలకి, గజ్జలకి, పిరుదుల సందుకి, పాదాలకి. రోగాలు అంటకుండా ఉండటానికైతే స్నానం కన్నా, తినే ముందూ దొడ్డికి వెళ్ళొచ్చాకా చేతులు సబ్బుతో కడుక్కోవడమే ఎక్కువ పనిచేస్తుంది.

మరి ఎన్నిసార్లు? 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి వారానికి ఒకటి రెండు స్నానాలైనా ఉండాలని, ఒళ్ళు మట్టి అయినా చెమట పట్టినా ఈత కొట్టినా మళ్ళీ చేయించాలని అమెరికా చర్మవైద్యుల అకాడమీ చెబుతుంది. యుక్తవయసు మొదలయ్యాక రోజూ చేయమంటుంది. మే నెల విజయవాడలో వారానికి రెండు స్నానాలంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర కూడా లేదు. చెమట ఒంటి మీదే ఆరి, స్వేద నాళాలు మూసుకుపోతే చెమటకాయలు లేస్తాయి. చల్లటి నీళ్ళు పోసుకుంటే అవి చల్లారతాయి. కాబట్టి ఎండాకాలంలో నీళ్ళు రెండుసార్లు కాదు, మూడుసార్లు పోసుకున్నా తప్పు లేదు. సబ్బు మాత్రం ఒక్కసారి, పైన చెప్పిన చోట్ల చాలు. అదే డిసెంబరులో, ఏసీ గదిలో కూర్చుని పనిచేసే మనిషి రోజు విడిచి రోజు స్నానం చేసి, మధ్య రోజు చంకలు, గజ్జలు, పాదాలు కడుక్కుంటే చర్మానికి నష్టం లేకపోగా మేలే.

సబ్బు స్నానం వాయిదా వేయకూడని వాళ్ళూ ఉన్నారు. మిరప, పత్తి చేలల్లో పురుగుమందు కొట్టినవాళ్ళు పని అయిన వెంటనే తలతో సహా సబ్బుతో కడుక్కోవాలి, ఆ బట్టలు ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతకకూడదు. ఇక్కడ ఒళ్ళంతా సబ్బు కావాలి, ఎందుకంటే చాలా మందులు నూనెలో కరిగేవి, ఉత్త నీళ్ళకి వదలవు. తడి సిమెంటు పనిలో ఉన్నవాళ్ళకీ అంతే తొందర, కానీ కారణం వేరు. తడి సిమెంటు పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత; 7 దాటితే క్షారం) 12 దాటుతుంది, బూట్లలోకో ప్యాంటు మోకాళ్ళలోకో దిగి గంటలు ఉండిపోతే చర్మం కాలుతుంది. వాళ్ళు సాయంత్రం దాకా ఆగకుండా, తగిలిన చోటును అక్కడికక్కడే ఎక్కువ నీళ్ళతో కడుక్కోవాలి.

ఇక సరుకు. సబ్బు రేపర్‌ను ముందు నుంచి చదివితే పాలు, బాదం, గంధం, వేప కనిపిస్తాయి. వెనక్కి తిప్పండి. మొదట చూడవలసింది దాని జాతి: టాయిలెట్ సోపా, బాతింగ్ బారా? భారతీయ ప్రమాణం ఐఎస్ 2888 ప్రకారం టాయిలెట్ సోప్‌లో మొత్తం కొవ్వు పదార్థం, అంటే టీఎఫ్ఎం, గ్రేడ్ 1కి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి. బాతింగ్ బార్‌కి వేరే ప్రమాణం, ఐఎస్ 13498. దానికి 40 శాతం ఉంటే చాలు. మిగతాది నీరు, లవణాలు, టాల్క్ లాంటి పూరకాలు, గ్లిజరిన్, సెంటు. 100 గ్రాముల గ్రేడ్ 1 బిళ్ళలో కనీసం 76 గ్రాముల కొవ్వు సరుకు ఉంటే, అంతే బరువున్న గ్రేడ్ 3లో 60 ఉండవచ్చు. ధరను బిళ్ళ బరువుతో కాదు, అందులోని కొవ్వు బరువుతో భాగించి చూస్తే చవక సబ్బు చాలాసార్లు చవక కాదని తెలుస్తుంది. తక్కువ టీఎఫ్ఎం సబ్బు పెట్టెలో తొందరగా నాని ముద్దవుతుంది, సగం బిళ్ళ కాలవలోకే పోతుంది.

అయితే ఇంటర్నెట్‌లో తిరిగే మాట ఒకటి సరిచేయాలి. టీఎఫ్ఎం ఎక్కువైతే సబ్బు ఒంటికి మెత్తన అని అందరూ చెబుతారు. అది నిజం కాదు. టీఎఫ్ఎం ఎంతున్నా నిజమైన సబ్బు క్షారమే, పీహెచ్ 9 నుంచి 10 మధ్య ఉంటుంది. చర్మం పైపొర పీహెచ్ 5 చుట్టూ ఉంటుంది. సబ్బు రుద్దినప్పుడల్లా అది పెరిగి, తిరిగి కిందికి దిగడానికి గంటలు పడుతుంది; అది పూర్తిగా దిగకముందే సాయంత్రం మళ్ళీ రుద్దుతాం. చర్మం ఎంత ఎండిపోతుందన్నది టీఎఫ్ఎం కన్నా ఏ నూనెతో చేశారన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. రేపర్ మీద సోడియం పామేట్ అంటే పామాయిల్ సబ్బు: గట్టిగా ఉంటుంది, నురగ తక్కువ. సోడియం కోకోయేట్, సోడియం పామ్ కెర్నెలేట్ అంటే కొబ్బరి నూనె, పామ్ గింజల నూనె: నురగ పొంగుతుంది, ఒంటి జిడ్డునీ ఎక్కువ లాగేస్తుంది. నురగను చూసి మురిసిపోవద్దని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఈ జాతిలో మా మార్కు మైసూర్ శాండల్‌కి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ చేసే గ్రేడ్ 1 సబ్బు, అసలు గంధపు నూనె వేస్తారు, బిళ్ళ గట్టిగా ఉండి నిదానంగా అరుగుతుంది. ఇచ్చిన డబ్బుకి సరుకు ఉంది. కానీ ఇదీ సబ్బే. గంధం వాసన వల్ల క్షారం తగ్గదు, సెంటు పడని చర్మానికి గంధమైనా పడదు. చంకలకి, పాదాలకి భేషైనది. ముఖానికి, పొడిబారిన కాళ్ళకి వద్దు. పసుపు, గంధం పేరుతో అమ్మే తక్కిన సబ్బులన్నిటికీ ఇదే తీర్పు. అర నిమిషం ఒంటి మీద ఉండి నీళ్ళతో పోయే సబ్బులో పసుపు చేసే వైద్యమేమీ ఉండదు.

పియర్స్ లాంటి పారదర్శకమైన సబ్బుల మీద ఒక అపోహ ఉంది: గాజులా కనిపిస్తే స్వచ్ఛమని. అలా కనిపించడానికి కారణం గ్లిజరిన్, చక్కెరల వంటి పదార్థాలు సబ్బు స్ఫటికాలను పెద్దవి కానివ్వకపోవడం. కొంత గ్లిజరిన్ ఉండటం వల్ల మామూలు సబ్బు కన్నా ఒళ్ళు లాగినట్టు అనిపించడం తగ్గుతుంది, అది నిజమే. టీఎఫ్ఎం తక్కువగా కనిపించడం ఇక్కడ మోసం కాదు, ఆ చోటు గ్లిజరిన్ తీసుకుంది. నీళ్ళలో వదిలేస్తే మాత్రం జావ అవుతుంది. అడుగున చిల్లులున్న పెట్టె తప్పనిసరి.

ఎగ్జిబిషన్లలో అమ్మే, చేత్తో చేసిన సబ్బుల గురించి ఒక్క మాట. ‘కెమికల్స్ లేవు’ అని రాసి ఉంటే అమ్మేవాళ్ళకి తెలియదో, మనకి తెలియదనుకుంటున్నారో. కాస్టిక్ సోడా లాంటి క్షారం లేకుండా ఏ సబ్బూ తయారవదు. నూనెతో కలిసి అది సబ్బుగా మారిపోతుంది, అంతే. అడగవలసిన ప్రశ్నలు రెండు. ఎన్ని వారాలు ఆరబెట్టారు? చల్లటి పద్ధతిలో, అంటే మరిగించకుండా, పోసిన సబ్బుకి 4 నుంచి 6 వారాలు కావాలి. సబ్బుగా మారకుండా మిగిలే నూనె ఎంత వదిలారు? 5 శాతం మామూలు. పూర్తిగా కొబ్బరి నూనెతో చేస్తే 20 దాకా వదలకపోతే ఒళ్ళు పగులుతుంది. జవాబు రాకపోతే కొనకండి.

డవ్ బిళ్ళ చూడటానికి సబ్బులాగే ఉంటుంది గానీ ప్రధానంగా సబ్బు కాదు, సిండెట్. అందులో పనిచేసే పదార్థం సోడియం లారాయిల్ ఐసెథియోనేట్, దానికి స్టియరిక్ ఆమ్లం తోడు. పీహెచ్ 7 దగ్గర. సెబామెడ్ బార్ ఇంకా కిందికి, 5.5కి దింపినది. వీటి రేపర్ మీద టీఎఫ్ఎం చూసి నాసిరకం అనుకోవడం పొరపాటు, ఆ కొలబద్ద సబ్బుకి పెట్టింది. రెండు పూటలా వాడక తప్పనివాళ్ళకి, చర్మం పొడిబారిన పెద్దవాళ్ళకి, ఎగ్జిమా ఉన్నవాళ్ళకి మా సిఫారసు ఈ జాతే. లోపాలు రెండు. మొదటిది, ధర ఎక్కువ, పైగా తొందరగా కరుగుతుంది. బిళ్ళను రెండు ముక్కలుగా కోసి ఒకటే బయట పెట్టుకుంటే కాస్త ఆగుతుంది. రెండోది, కడిగాక ఒళ్ళు జారుడుగా ఉండి ‘సబ్బు పోలేదు’ అనిపిస్తుంది. అది స్టియరిక్ ఆమ్లపు పలుచటి పొర. దాన్ని పోగొట్టడానికి ఇంకో నాలుగు మగ్గుల నీళ్ళు పోసుకుంటే ఎక్కువ డబ్బు పెట్టిన ప్రయోజనమే పోతుంది.

బోరు నీళ్ళున్న ఇళ్ళలో సిండెట్‌కి ఇంకో గట్టి కారణం ఉంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం మామూలు సబ్బుతో కలిసి కరగని తెట్టు కడతాయి. బకెట్ అంచున పేరుకునే ఆ తెల్లటి జిడ్డే ఒంటి మీదా మిగులుతుంది, దురద పెడుతుంది, వెంట్రుకల్ని చీపురు పుల్లల్లా చేస్తుంది. సిండెట్ ఈ తెట్టు కట్టదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 కాఠిన్యానికి పెట్టిన హద్దు లీటరుకి 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మీ నీళ్ళు ఎక్కడున్నాయో ఇంట్లోనే అంచనా కట్టవచ్చు. పాత సబ్బు తురుము చిటికెడు గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, సీసాలో సగం దాకా బోరు నీళ్ళు పోసి, ఆ ద్రావణం పది చుక్కలు వేసి గిలకొట్టండి. నురగ నిలిస్తే మెత్తటి నీళ్ళు. నురగ రాకుండా నీళ్ళు పాలవిరుగుడులా మారితే కఠినం. హ్యాండ్‌వాష్‌తో ఈ పరీక్ష చేయకండి, వాటిలో చాలావరకు డిటర్జెంట్లే, ఏ నీళ్ళలోనైనా నురగ ఇస్తాయి. కృష్ణా నీళ్ళో మంజీరా నీళ్ళో వంతులవారీగా వచ్చే ఇంట్లో, స్నానమంతా బోరు నీళ్ళతో కానిచ్చి ఆఖరి రెండు మగ్గులు కుళాయి నీళ్ళు పోసుకున్నా తేడా తెలుస్తుంది.

యాంటీబాక్టీరియల్ అని రాసిన సరుకు మీద ఎక్కువ మాట్లాడక్కర్లేదు. 2016 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ట్రైక్లోసాన్, ట్రైక్లోకార్బాన్‌తో సహా 19 పదార్థాలను ఇళ్ళలో వాడే సబ్బుల నుంచి తీసేయమంది. మామూలు సబ్బు, నీళ్ళ కన్నా ఇవి మేలని కంపెనీలు రుజువు చూపలేకపోయాయి. రేపర్ మీద ఆ పేర్లు కనిపిస్తే పక్కన పెట్టండి. యాంటిసెప్టిక్ ద్రవాన్ని బకెట్లో మూత లెక్కన పోసుకునే అలవాటు వల్ల లాభం లేదు. దాన్ని పలచన చేయకుండా గజ్జల్లో రాస్తే చర్మం మండి పొరలుగా లేస్తుంది, తామర మాత్రం పోదు. తామర ఫంగస్ పని. దానికి డాక్టరు రాసిన మందు, స్నానం తర్వాత గజ్జలు, కాలివేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం, ఎవరి తువ్వాలు వాళ్ళకి ఉండటం, ఆ తువ్వాలు ఎండలో ఆరటం, ఇవి కావాలి.

సున్నిపిండి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మంచి సరుకే గానీ ప్యాకెట్లలో వచ్చేదానిలో చెడ్డది ఎక్కువ. పప్పుల పిండి జిడ్డును పీల్చుకుంటుంది, పెసల్లోని సాపోనిన్లు (నురగనిచ్చే సహజ పదార్థాలు) కాస్త కడుగుతాయి, చర్మం పీహెచ్‌ను సబ్బులా ఎగదోయదు. ఇంట్లో చేసుకోవడానికి ఒక కొలత: పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, కచ్చూరాలు, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు తలా 50 గ్రాములు. అన్నీ గలగలలాడేలా ఎండబెట్టి మర పట్టించాలి. మరలో అంతకు ముందు కారం పట్టి ఉంటే మీ పిండి ఒళ్ళు మండిస్తుంది. ముందు గుప్పెడు బియ్యం మరలో పోయించి పట్టించి, ఆ పిండి పారబోయించండి. ఆపైన నూలు గుడ్డలో జల్లించాలి. జల్లించకపోతే వట్టివేళ్ళ నార, పొట్టు ముక్కలు చర్మాన్ని గీరతాయి. బజారు ప్యాకెట్ల మొదటి లోపం ఇదే: వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా తగులుతుంది.

రెండో లోపం బావంచాలు అనే మూలిక గింజలు. చాలా ఇళ్ళ లెక్కల్లో, చాలా ప్యాకెట్లలో ఇవి ఉంటాయి. బావంచాల్లో సోరలెన్ ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్ల మచ్చలు వస్తాయి. బొల్లి వైద్యంలో డాక్టర్లు సోరలెన్‌ను కొలిచి వాడేది ఈ గుణం వల్లే. పండగపూట నలుగు పెట్టుకుని ఎండలో తిరిగే మనకి ఇది అక్కర్లేదు; లెక్కలోంచి తీసేయండి, ప్యాకెట్ మీద ఉంటే కొనకండి. పదార్థాల పేర్లే రాయని ప్యాకెట్ అయితే మరీను.

వాడకంలోనూ తప్పు జరుగుతుంది. నువ్వుల నూనె రాసుకుని అరగంట ఆగాక, పిండిని ముందు పొడిగానే నూనె మీద చల్లి నలపాలి. నూనెను పట్టుకుని అది ఉండలుగా రాలుతుంది. ఆ తర్వాతే తడి చేయాలి. మొదటే ముద్ద చేసి రాస్తే నీళ్ళు పట్టిన పిండి నూనెను పీల్చదు, మళ్ళీ సబ్బు అడుగుతారు. పెద్దవాళ్ళకి 3 పెద్ద చెంచాలు సరిపోతుంది. కాలవ జాలీ మీద పాత గుడ్డ వేయకపోతే పిండి పైపులో పేరుకుని గడ్డకడుతుంది. వారానికొకసారి, భోగికో నరక చతుర్దశికో అభ్యంగన స్నానానికి దీనికి సాటి లేదు. రోజూ సబ్బుకి బదులుగా చంకల కంపుకి మాత్రం చాలదు.

పసిపిల్లలకి సున్నిపిండి నలుగు వద్దు, ముఖ్యంగా చర్మం ఎర్రగా పగిలి ఉంటే. పగిలిన చర్మం మీద తిండి పదార్థాలు రుద్దితే ఒంటికి వాటి మీద అలర్జీ పుట్టవచ్చు. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వల్ల 2 వేలమందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. పుట్టిన బిడ్డకి మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పాకే వయసు వరకు వారానికి 3 స్నానాలు చాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాట. మన ఇళ్ళలోలా రోజూ పోసినా ఫరవాలేదు, గోరువెచ్చటి నీళ్ళతో 5 నిమిషాల్లో ముగించాలి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఎవరేమన్నా సరే.

షవరా, బకెట్టా అన్నదానికి జవాబు సులువు. షవర్ కింద బకెట్ పెట్టి నిమిషం చూడండి. 10 లీటర్లు పడితే, 10 నిమిషాల షవర్ 100 లీటర్లు. ఆ నీళ్ళని 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి ఒకటిన్నర యూనిట్ల పైనే కరెంటు. 15 లీటర్ల బకెట్‌కి పావు యూనిట్. ఎక్కువ సేపు వేడినీళ్ళు చర్మానికీ చెరుపే. చలికాలంలో అమెరికాలో, కెనడాలో ఉండే మనవాళ్ళకి పిక్కల మీద దురద, పొలుసులు రావడానికి సగం కారణం హీటర్ గాలి, మిగతా సగం పొగలు కక్కే షవర్ కింద రోజుకు రెండుసార్లు నిలబడటం. నీళ్ళ వేడి తగ్గించి, పిక్కలకి సబ్బు మానేసి, తువ్వాలుతో అద్దుకున్న వెంటనే తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ పలచగా రాస్తే చాలామందికి తగ్గుతుంది. పొడి చర్మం మీద రాసిన నూనె పైపైన జిడ్డుగా మిగులుతుందే తప్ప లోపలి తడిని అంతగా ఆపదు.

చివరిగా పీచు. రంగురంగుల నైలాన్ స్క్రబ్బర్లు, నైలాన్ తువ్వాళ్ళు కొనకండి. వీటితో ఏళ్ళ తరబడి గట్టిగా తోమితే మెడ కింది ఎముకలు, వెన్ను, మోచేతుల దగ్గర నల్లటి గీతలు, మచ్చలు పడతాయి. చర్మవైద్యులు రాపిడి మెలనోసిస్ అంటారు. దాన్ని మట్టి అనుకుని ఇంకా గట్టిగా తోమేవాళ్ళే ఎక్కువ. తోమడం మానితే నెలల మీద తగ్గుతుంది, మానకపోతే ఏ క్రీమూ పనిచేయదు. పాదాలకి, మడమలకి బీరపీచు ఉంటే చాలు. లోపల స్పాంజి పెట్టి కుట్టినవి ఆరవు, విడి పీచే కొనండి. వాడాక నీళ్ళు పిండేసి, బాత్రూం బయట ఎండ తగిలే చోట తగిలించాలి. మూడు నాలుగు వారాలకి మార్చాలి, నల్ల చుక్కలు కనిపిస్తే ఆ రోజే పారేయాలి.